ఆగస్టు పదిహేను దాకా

ఓస్‌డాల్, మిన్నెసోటా
1973 మే 14

అన్నయ్యా,

బడి వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతుంటే గ్లాడిస్ పేపరు తెచ్చి నా ముందు పడేసింది. "మీ అన్న పేరు పడింది చూడు" అంది. చూశాను. కంబోడియాలో బాంబులు వేయడానికి డబ్బివ్వకూడదని గురువారం వాషింగ్టన్‌లో మీ సభలో ఓటు జరిగిందట. ఇవ్వొద్దన్న వాళ్లలో మన ఆర్విల్ స్టెన్స్‌రుడ్ కూడా ఉన్నాడట. నా కళ్లలో నీళ్లు తిరిగితే గ్లాడిస్ ఉల్లిపాయల వల్లే అనుకుంది. అలాగే అనుకోనిచ్చాను.

నీకు ఇది గుర్తు చేయాల్సి రావడమే సిగ్గుచేటు. నీ మేనల్లుడు కర్టిస్ గువామ్ దీవిలో ఉన్నాడు. బాంబర్ విమానంలో కో-పైలట్. ఆ కంబోడియా మీదికి వెళ్లొచ్చేది వాడే. వాళ్ల నాన్న కొరియా నుంచి పెట్టెలో వచ్చేనాటికి వాడికి మూడేళ్లు. ఆ రోజు వాణ్ణి భుజాన వేసుకుని చర్చి చుట్టూ తిప్పినవాడివి నువ్వు. ఇప్పుడు వాడి విమానంలోంచి పెట్రోలు తోడేసే పని కూడా నువ్వే నెత్తినేసుకున్నావా?

ఇక్కడ పొలాలు ఇంకా ఆరలేదు. సగం మంది పంచదార బీట్‌దుంప విత్తనం వేయనే లేదు. ఈ సంగతైనా మీ సభవాళ్లకి పడుతుందో లేదో.

ఓటు వేసే ముందు ఒక్క ఫోను చేసి ఉండాల్సింది.

వెర్నా


వాషింగ్టన్
1973 మే 22

చెల్లాయి వెర్నాకు,

నీ కోపం ఈపాటికి కాస్త దిగి ఉంటుందనే ఆశతో రాస్తున్నాను.

నిదానంగా ఆలోచించు. జనవరిలో పారిస్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వియత్నాం నుంచి మన సైన్యం వచ్చేసింది. ఖైదీలు కూడా ఇళ్లకు చేరారు. మరి కంబోడియాలో ఈ యుద్ధం ఎవరు ఒప్పుకుంటే నడుస్తోంది? అధ్యక్షుడు మమ్మల్ని అడగలేదు. అడిగితే ఆయన మనుషులు "ఒప్పందం నిలబెట్టడానికే" అంటారు. ఆ ఒప్పందాన్నైనా సెనేట్ ముందు పెట్టారా అంటే అదీ లేదు. సంతకం ఆయనదే, సైన్యం ఆయనదే, ఖజానా కూడా ఆయనదే అయితే ఇంతమందిమి ఇక్కడ ఎందుకు కూర్చున్నట్టు? రాజ్యాంగం మా చేతికిచ్చింది డబ్బు సంచి ఒక్కటే. దాని మూతి బిగించడం తప్ప మాకు వేరే దారి లేదు.

మెర్లిన్‌ని కొరియాకి పంపినప్పుడు కూడా సభలో ఎవరూ ఓటు అడగలేదు. ఆ రోజు ఎవరైనా అడ్డం పడి ఉంటే నీ బతుకు వేరేగా ఉండేది. ఆ మాటే ఇప్పుడు సభలో చెబుతున్నాను.

గాల్లో ఉన్న విమానానికి పెట్రోలు ఎవరూ ఆపరు. అలాంటి మాటలు వంటగదుల్లో పుడతాయి.

ఇక్కడ అప్పుడే ఉక్కపోత మొదలైంది. అమ్మ వేసిన రూబార్బ్ మొక్కలు ఈ ఏడు బాగా వచ్చాయా?

నీ అన్నయ్య
ఆర్విల్


ఓస్‌డాల్
1973 జూన్ 18

అన్నయ్యా,

రూబార్బ్ బాగా వచ్చింది. నీకు మాత్రం పంపను.

మా ఆయన పేరు ఇంకోసారి నీ ఉపన్యాసాల్లో వాడకు. ఆయన రాజ్యాంగంలో పేరా కాదు, నా మొగుడు. ఆయన వెళ్లమన్నచోటికి వెళ్లాడు, రాలేదు. అది తప్పు యుద్ధమని ఇరవై రెండేళ్ల తర్వాత నువ్వు తేల్చి చెప్పాలా? ఇక వంటగది మాటలంటావా, ఈ వంటగది నుంచే నీకు నాలుగుసార్లు ఓట్లు పడ్డాయి.

నీ ప్రసంగం మన పేపరువాడు పేజీ నిండా వేశాడు. "అడగని యుద్ధం, అనుమతి లేని యుద్ధం" అని పెద్ద అక్షరాల్లో. కత్తిరించి కర్టిస్‌కి పంపాను. మేనమామ తనని ఏమంటున్నాడో వాడికీ తెలియాలిగా.

ఇంత రాశాక కాగితం మడిచి కవర్లో పెట్టి, మళ్లీ తీశాను. కోపమంతా పక్కన పెట్టి ఒక్క మాట అడుగుతున్నాను. వాడి దళం ఆగస్టు మధ్యలో తిరిగొస్తుంది. నువ్వు ఎన్ని చెప్పినా నాకు భయంగానే ఉంది. డబ్బు ఒక్కసారిగా ఆగిపోతే విమానాలకి మరమ్మతులుండవు, కిందపడితే వెతకడానికి హెలికాప్టర్లు రావు. పోయేది ఆఖర్న మిగిలిన పిల్లలే. ఆగస్టు దాకా ఆపకండి. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు ఆ సంచి మూతి బిగించుకో. ఇన్నేళ్లలో నిన్ను నేనేమీ అడగలేదు.

వెర్నా


వాషింగ్టన్
1973 జూలై 1

వెర్నా,

పేపర్లో చూసే ఉంటావు. వెంటనే ఆపమని మేం పంపిన బిల్లుని అధ్యక్షుడు బుధవారం వీటో చేసి తిప్పికొట్టాడు. వీటోని దాటాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. రాలేదు. నెలాఖరు దగ్గరికొచ్చింది, కొత్త అనుమతి లేకపోతే ప్రభుత్వంలో జీతాలే ఆగిపోతాయి. ఆ తొందరలో రాజీ ఒకటి తయారైంది. ఆగస్టు పదిహేను దాకా బాంబులు వేసుకోవచ్చు. ఆ తర్వాత ఒక్క సెంటు కూడా ఉండదు.

మాలో గట్టివాళ్లు ఒప్పుకోలేదు. "ఒక్కరోజు ఇచ్చినా ఇచ్చినట్టే. ఇన్నాళ్లూ అది ఆయన యుద్ధం, రేపటి నుంచి మన యుద్ధం" అన్నారు. వారమంతా నేనూ వాళ్లతోనే ఉన్నాను. శుక్రవారం ఓటుకి లేచినప్పుడు నీ ఉత్తరం నా కోటు జేబులో ఉంది. కార్డు పెట్టి అవునన్న మీట నొక్కాను. పక్క సీటాయన నాతో మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు.

నువ్వు అడిగింది అయింది. శనివారం మన ఊళ్లో మాజీ సైనికుల హాల్లో మాట్లాడటానికి వస్తున్నాను. మొహం చాటేయకు.

ఆర్విల్


ఓస్‌డాల్
1973 జూలై 9

అన్నయ్యా,

మొహం చాటేసింది నువ్వు. ఉపన్యాసం అవగానే కప్పు కాఫీ అయినా తాగకుండా కారెక్కావు. నీకోసం రూబార్బ్ కాడలు కూరిన తీపి రొట్టె కాల్చి తెచ్చాను. పాస్టర్‌కి పెట్టాను.

అయినా బాగా మాట్లాడావు, ఆ మాట ఒప్పుకోవాలి. హాల్వర్‌సన్ ముసలాయన లేచి "మా పిల్లల నోటికాడ డబ్బు కోసేసి మళ్లీ ఓట్లకొచ్చావా?" అని అరిచాడు. నువ్వు తొణకలేదు. "నేనేమీ కోయలేదు. ఆగస్టు పదిహేను దాకా అక్కడ జరిగేదంతా కాంగ్రెస్ పూర్తి సమ్మతితో జరిగేదే. మన కుర్రాళ్ల వెనక మేమున్నాం" అన్నావు. హాలంతా లేచి నిలబడింది. నేనూ అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

నీ ఓటు నాకోసం వేశావని ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు. థాంక్స్.

వెర్నా


ఓస్‌డాల్
1973 జూలై 30

కాంగ్రెస్ సభ్యులు శ్రీ ఆర్విల్ స్టెన్స్‌రుడ్ గారికి,

మీ మేనల్లుడు విమానం ఎక్కనన్నాడు.

మంగళవారం పొద్దున అందరూ ఎక్కాక వాడు మెట్ల దగ్గరే నిలబడిపోయాడట. కల్నల్ ఫోన్ చేసి, ఎవరో చచ్చిపోయినప్పుడు చెప్పే గొంతుతో చెప్పాడు. తర్వాత వాడితో మాట్లాడనిచ్చారు. "ఎందుకురా?" అంటే "ఇక నావల్ల కాదమ్మా" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు, లైను గరగరలాడి తెగిపోయింది.

ఇంకో మూడు వారాలైతే మెడలో పతకంతో దిగేవాడు. ఇప్పుడు సైనిక కోర్టుకి వెళ్తాడు. వాడంతట వాడికి ఇలాంటి బుద్ధి పుట్టదు. అనుమతి, అధికారం, రాజ్యాంగం, ఈ పురుగులన్నీ ఎవరి నోట్లోంచి వచ్చాయో నాకు తెలియదనుకున్నారా? నా వెనకాల వాడికి ఎన్ని ఉత్తరాలు రాశారు? సభలో ఓడిపోయారు కాబట్టి నా కొడుకు చేత గెలిపించుకుందామనుకున్నారా?

సైనికుల కుటుంబాల సంఘానికి పదకొండేళ్లుగా నేనే అధ్యక్షురాలిని. నిన్న ఇద్దరు ఆడవాళ్లు కేకు పట్టుకొచ్చి, చాలా మర్యాదగా, హాలు తాళంచెవి అడిగి తీసుకెళ్లారు.

మీకు మాత్రం వచ్చే ఏడు మళ్లీ ఓట్లు పడతాయి లెండి. హాల్లో అంత బాగా మాట్లాడారు.

శ్రీమతి వెర్నా మెర్లిన్ హాగ్లండ్


వాషింగ్టన్
1973 ఆగస్టు 6

వెర్నా,

నన్ను "మీరు" అని పిలిచినంత మాత్రాన నీ మాటలకి మర్యాద రాదు.

కర్టిస్‌కి నేను ఒక్క అక్షరం కూడా రాయలేదు. నా ప్రసంగం వాడి చేతికి ఎలా వెళ్లిందో జూన్‌లో నువ్వు రాసిన ఉత్తరంలోనే ఉంది, నీ ఉత్తరాలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కత్తిరించింది నువ్వు, స్టాంపు అంటించింది నువ్వు. నన్ను వాడి ముందు దోషిని చేద్దామని పంపావు. వాడు చదివి నమ్మాడు. అంతే జరిగింది.

ఇంకోటి కూడా విను. వాడికి ఇచ్చిన లాయరుతో మాట్లాడాను. జూన్‌లో ఎక్కనని ఉంటే "ఈ యుద్ధానికి సభ అనుమతి లేదు, కాబట్టి ఈ ఆజ్ఞ చెల్లదు" అని వాదించడానికి దారి ఉండేదట. జూలై ఒకటి తర్వాత ఆ దారి మూసుకుపోయింది. సభ డబ్బిచ్చింది, అంటే సభ ఒప్పుకున్నట్టే. ఆ శుక్రవారం అవుననకుండా నన్ను నేను ఆపుకుని ఉంటే, మిగతావాళ్లు కూడా ఆగి ఉంటే, జూలైలో వాడు కాదనాల్సిన ఆజ్ఞే ఉండేది కాదు. ఆ మీట నొక్కిన వేలు నాది. నొక్కించింది ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఈ నెల ఓస్‌డాల్ రావడం కుదరదు.

ఆర్విల్


ఓస్‌డాల్
1973 సెప్టెంబరు 10

ఆర్విల్,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేద్దామని మూత తీశాను. వేయలేదు. నువ్వన్నది నిజమే, ఆ ముక్క నేనే పంపాను. నిజం చెప్పడానికి నువ్వెంత సరదాపడ్డావో కూడా ప్రతి వాక్యంలో కనబడింది.

కర్టిస్‌ని ఉత్తర డకోటాలో వాళ్ల స్థావరానికి తెచ్చారు. వెళ్లి చూశాను. పెద్ద గదిలో బల్లకి అటు వాడు, ఇటు నేను. ఎందుకు చేశావని మళ్లీ అడగలేకపోయాను. వాడు చేసింది సరైనదని నేను ఇప్పటికీ అనను. వాళ్ల నాన్న ఫోటో వైపు చూసినప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపిస్తోంది. వాడు చిక్కిపోయాడు. నేను తీసుకెళ్లిన లెఫ్సా రొట్టెలు మాత్రం కాపలావాడితో పంచుకుని తిన్నాడు.

అక్టోబరులో విచారణ. లాయరుకి నువ్వు కావాలట. "మేం ఓటేసింది ఆపడానికే, యుద్ధానికి అనుమతిగా కాదు" అని ఆ ఓటు వేసినవాడే బోనెక్కి చెబితే కాస్త బలం ఉంటుందట. నీ మొహం చూడాలని నాకేమీ లేదు. అయినా రా.

వెర్నా


వాషింగ్టన్
1973 సెప్టెంబరు 19

వెర్నా,

ఇది నువ్వనుకున్నంత తేలిక కాదు. సభ్యుడు సైనిక కోర్టుకెళ్లి సాక్ష్యం చెబితే అది వాడి ఒక్కడి కేసుతో ఆగదు. యుద్ధం మొదలుపెట్టే అధికారం ఎవరిదో శాశ్వతంగా తేల్చే బిల్లు మా ముందుంది. ఈ దశలో నేను ఒక్క మాట తూలినా దాన్ని పట్టుకుని అందరినీ ఆడిస్తారు. వచ్చే ఏడు ఎన్నికల సంగతి సరే, అది నేను చూసుకుంటాను.

ప్రమాణపూర్వకంగా రాసి, సంతకం పెట్టి పంపుతాను. లాయరుకి అది చాలు.

ఆర్విల్


ఓస్‌డాల్
1973 సెప్టెంబరు 24

కాగితం వద్దు. మనిషివి రా. బిల్లు కోసం మాట దాచుకుంటున్నావు, వాడు మాట దాచుకోకుండానే అక్కడ కూర్చున్నాడు.

వెర్నా


ఓస్‌డాల్
1973 అక్టోబరు 22

ఆర్విల్,

వచ్చావు. అంతవరకు రుణపడ్డాను, ఇంకేం లేదు.

నువ్వు పక్క తలుపులోంచి వెళ్లిపోయావు కాబట్టి తర్వాతది నేను చెప్పాలి. దోషి అన్నారు. జైలు వేయలేదు. బాంబులే ఆగిపోయాక జైలెందుకనుకున్నారేమో. ఉద్యోగంలోంచి తీసేశారు. గౌరవంగా కాదు, ఆ మాట కాగితం మీద ఉంటుంది, జన్మంతా. భుజాల మీద పట్టీలు తీసి కవర్లో పెట్టి ఇవ్వమన్నారు.

నువ్వు మొదట బాగానే చెప్పావు. "మేమిచ్చింది ఆపడానికి గడువు మాత్రమే, అనుమతి కాదు" అన్నావు. కర్టిస్ తల ఎత్తాడు. నేను వాడి వెనక వరుసలోనే ఉన్నాను, వాడి మెడ నిటారుగా అవడం చూశాను. అప్పుడు సైన్యం తరఫు లాయరు, ఆ బక్కపల్చటి కెప్టెన్, మన ఊరి పేపరు తీశాడు. ఓస్‌డాల్ పేపరు డకోటా దాకా ఎలా వెళ్లిందో దేవుడికే తెలియాలి. "అక్కడ జరిగేదంతా కాంగ్రెస్ పూర్తి సమ్మతితో జరిగేదే. ఈ మాటలు మీవేనా సార్?" అన్నాడు. "నావే" అన్నావు. "హాల్లో చెప్పింది నిజమా, ఇక్కడ చెప్పింది నిజమా?" నువ్వు గ్లాసెత్తి నీళ్లు తాగావు. తాగి, "రెండూ" అన్నావు. వెనక ఎవరో నవ్వారు. కర్టిస్ మెడ మళ్లీ వంగిపోయింది.

ఆ కెప్టెన్ అంతటితో వదల్లేదు. "హాల్లో ఎవరైనా కాదన్నారా?" అంటే నువ్వు "లేదు, చప్పట్లు కొట్టారు" అన్నావు. నా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

వాడితో ఒక్కమాట మాట్లాడి వెళ్లాల్సింది. బయట కారు దగ్గర "మామయ్య వెళ్లిపోయాడా?" అని రెండుసార్లు అడిగాడు.

వెర్నా


వాషింగ్టన్
1973 నవంబరు 8

వెర్నా,

నిన్న గెలిచాం. యుద్ధ అధికారాల బిల్లుని అధ్యక్షుడు వీటో చేస్తే ఈసారి రెండు సభలూ మూడింట రెండు వంతులతో దాన్ని దాటేశాయి. ఇక ఏ అధ్యక్షుడైనా సైన్యాన్ని యుద్ధంలోకి పంపితే రెండు రోజుల్లో మాకు చెప్పాలి. మేం ఒప్పుకోకపోతే అరవై రోజుల్లో ఆపాలి. డబ్బు ఇచ్చినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని కూడా స్పష్టంగా రాశాం. ఆ వాక్యం చదివినప్పుడు నేను ఎవరి గురించి ఆలోచించానో నువ్వు ఊహించగలవు. అది జూన్‌లో ఉండి ఉంటే ఆ కెప్టెన్ నోరు మూతపడేది.

కోర్టులో నేను అబద్ధం చెప్పలేదు. ఒకే ఓటుని ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా చెప్పక తప్పని ఉద్యోగం నాది. నువ్వు వంటలో ఉప్పు చూసినంత తేలిగ్గా మనుషులు దీన్ని చూస్తారు.

పక్క తలుపులోంచి వెళ్లిపోయానన్నావు. వాడి మొహం చూడలేక వెళ్లాను.

కర్టిస్‌ని ఇక్కడికి పంపు. నా ఆఫీసులో పని ఇస్తాను. వాడి కాగితం మీద ఏముందో ఇక్కడ ఎవరూ అడగరు. పేరుకి ఉద్యోగం కాదు, ఈ చట్టం మీదే పని చేయవచ్చు. వాడికి నచ్చుతుంది.

అన్నయ్య


ఓస్‌డాల్
1973 నవంబరు 19

అన్నయ్యా,

కర్టిస్ రాడు.

బీట్‌దుంపల కోత అయ్యేదాకా ట్రక్కు నడిపాడు. హాల్వర్‌సన్ ముసలాయనే పిలిచి పని ఇచ్చాడు, నేనూ నమ్మలేదు. ఈ ఊళ్లో ఇంకెవరూ వాడి పక్కన కూర్చోరు. చర్చిలో చేపల విందుకి వెళ్తే మా బల్లకి ఆరు కుర్చీలు ఖాళీ.

నిన్న చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాక నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. ఉద్యోగం దగ్గరికి రాగానే రొట్టెకి వెన్న రాయడం ఆపాడు. "మామయ్య ఆ రోజు సభలో అవునని ఎందుకన్నాడో నీకేమైనా చెప్పాడా?" అన్నాడు. ఇంక దాచబుద్ధి కాలేదు. ఆ గడువు నేనే అడిగానని చెప్పాను. నీకోసమేరా, నువ్వు క్షేమంగా రావాలని అడిగానన్నాను. అరుస్తాడనుకున్నాను. వెన్న కత్తి కింద పెట్టి, "అయితే జూలైలో నేను ఎగిరిన దాడులన్నీ మీరిద్దరూ కలిసి ఇచ్చినవన్నమాట" అన్నాడు.

పేపరు ముక్క సంగతి కూడా ఎత్తాను. అది నేను పంపకపోతే నువ్విలా అయ్యేవాడివి కాదన్నాను. నా మొహంలోకి వింతగా చూశాడు. "అది చదివాక కూడా చాలాసార్లు ఎక్కానమ్మా. మామయ్య మాట విని ఎవరైనా విమానం దిగుతారా?" అన్నాడు.

మరెందుకు దిగావురా అని ఇన్నాళ్లకి అడిగాను. బయల్దేరే ముందు గురి చూపించే ఫోటోలు పెడతారట, పై నుంచి తీసినవి. ఎప్పుడూ అడవే ఉంటుంది, లేకపోతే రోడ్డు. ఆ మంగళవారం ఫోటోలో ఒక మూల గడ్డివాములు కనిపించాయట. "మనవాళ్లు పెట్టినట్టే పెట్టారమ్మా. గాలి వచ్చే వైపు ఏటవాలుగా, పైన బరువుకి కర్రలు వేసి. అంత పొందిగ్గా పెట్టాలంటే ఇంట్లో నలుగురు ఉండాలి" అన్నాడు. ముందు వారం వాళ్లు బాంబులు వేసి వచ్చింది దాని పక్క ఊరేనట. దాడి తర్వాత తీసిన ఆ ఊరి ఫోటో కూడా పక్కనే పెట్టారట. అందులో ఏమీ లేదట.

లాయరుకి ఇదంతా చెబితే ఎత్తొద్దన్నాడట. కేసు అధికారాల గురించి, గడ్డివాముల గురించి కాదన్నాడట. రెండు రోజుల విచారణలో ఎవరి అధికారం ఎంతో అందరూ చెప్పారు, నువ్వూ చెప్పావు. నేను విన్నాను.

తర్వాత వాడు నన్ను ఒకటి అడిగాడు. "మీరిద్దరూ మే నెల నుంచి తిట్టుకుంటూ రాసుకుంటూనే ఉన్నారుగా. ఆ ఊళ్లలో వాళ్ల గురించి ఒక్క ముక్కయినా రాసుకున్నారా?" కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. రాసుకునే ఉంటాంలే అన్నాను. వాడు తల ఊపి, ప్లేటు కడిగి పెట్టాడు. పొద్దున పంచదార ఫ్యాక్టరీ ఉన్న ఊరికి వెళ్లిపోయాడు. అక్కడ గది తీసుకున్నాడట. చలికాలమంతా అక్కడే పని.

వాడు వెళ్లాక నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి మొదటి నుంచి చదివాను. నీ వాటిల్లో లేదు. నావి నీ దగ్గర భద్రంగా ఉన్నాయన్నావు. తీసి చూడు. ఎక్కడైనా వాళ్ల గురించి ఒక్క మాట ఉంటే ఆ కాగితం నాకు తిరిగి పంపు, వాడికి తీసుకెళ్లి చూపిస్తాను.

లేకపోతే ఇక నాకు రాయకు.

వెర్నా